మా పండుగాడు పండు తినడు

మా ఇంట్లో ఒకడున్నాడు. పేరు పండు. పండంటే మాత్రం వాడికి పడదు. జామపండు ముక్క పెడితే వీపు తిప్పుకుంటాడు. బొప్పాయి పెడితే రెండడుగులు వెనక్కి వేస్తాడు. కేరట్ తురుము చూశాడంటే తల మీది తురాయి అణిచిపెట్టి బుస్సుమంటాడు. ఎవరో చిన్నపిల్లాడి గురించి చెబుతున్నాననుకునేరు. కాదు, మా చిలక గురించి.

చిలకంటే రామచిలుక కాదండోయ్. రామచిలుకని పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇది కాకటీల్. ఆస్ట్రేలియా జాతి. బూడిదరంగు ఒళ్ళు, పసుప్పచ్చని మొహం, బుగ్గల మీద గుండ్రంగా నారింజరంగు బొట్లు. పెళ్ళికూతురికి బుగ్గచుక్క పెట్టి, ఇంకొంచెం పులిమేసినట్టుంటుంది. మాటలు రావు గానీ ఈల బ్రహ్మాండంగా వేస్తాడు.

మా అబ్బాయి పదో తరగతి పరీక్షలు అయిపోయాక తెచ్చాడు వీణ్ణి. "నాకు ఇంకో పని తగిలించకురా" అన్నాను. "నీకెందుకమ్మా, అన్నీ నేను చూసుకుంటాగా" అన్నాడు. ఈ మాట వినని అమ్మ ఎవరైనా ఉన్నారా చెప్పండి. వాడు చూసుకున్నాడు, ఆ సెలవులు అయ్యేదాకా. తర్వాత ఇంటర్, తర్వాత చెన్నైలో ఇంజినీరింగు. వాడు హాస్టలుకి పోయాడు. పంజరం, నేను మిగిలాం.

అమ్మినతను ఒకే మాట చెప్పాడట. "ఇవి గింజలే తింటాయి." కొర్రలు, సజ్జలు, పొద్దుతిరుగుడు గింజలు కలిపిన పొట్లం నెలకొకటి తెచ్చేవాళ్ళం. పండుగాడు గిన్నెలో దిగి, ముందు పొద్దుతిరుగుడు గింజలన్నీ ఏరుకు తినేవాడు. అవి అయిపోతే గిన్నె తలకిందులు చేసేవాడు. పాపం ఆకలేమో అని నేను మళ్ళీ పోసేదాన్ని. మూడేళ్ళకు పైగా అలాగే గడిచింది.

కిందటేడు సంక్రాంతి వెళ్ళాక తుమ్ములు మొదలయ్యాయి. చలికి అనుకున్నాను. ఈల తగ్గింది. ముక్కు దగ్గర ఈకలు ఎప్పుడూ తడితడిగా ఉంటున్నాయి. మా ఊళ్ళో కుక్కలకీ గేదెలకీ డాక్టర్లున్నారు గానీ పక్షుల్ని చూసేవాళ్ళు తక్కువ. వెతగ్గా వెతగ్గా ఒక డాక్టరమ్మ దొరికింది. చిన్నపిల్ల, మా మేనకోడలంత ఉంటుంది. వాణ్ణి తువ్వాల్లో పట్టుకుని, రొమ్ము ఎముక తడిమి, నోరు తెరిచి లైటు వేసి చూసింది. నోట్లో తెల్లటి మచ్చలు. కాటా మీద పెడితే 118 గ్రాములు.

"మామూలుగా 80, 100 మధ్య ఉంటే సరిపోతుంది ఆంటీ. ఏం పెడుతున్నారు?"

చెప్పాను.

"పొద్దుతిరుగుడు పప్పులో సగం నూనే ఉంటుంది. మీరు రోజూ మూడు పూటలా జీడిపప్పు మాత్రమే తింటే ఎలా ఉంటుంది? వీడి బతుకు అదే. పైన కొవ్వు పేరుకుపోయింది, లోపల ఎ విటమిన్ లేదు. ఆ మచ్చలు, తుమ్ములు అందుకే."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇద్దరు పిల్లల్ని పెంచాను, అత్తమామలకి పథ్యాలు వండాను. పిడికెడు పిట్టకి ఏం పెట్టాలో తెలియక జబ్బు తెప్పించాను.

మందు వారం రోజులకే రాసిచ్చింది. అసలు మందు తిండి మార్చడమే అంది. కేరట్, గుమ్మడి, చిలగడదుంప, మునగాకు, తోటకూర, కొత్తిమీర. నారింజరంగువీ, ముదురాకుపచ్చవీ ఎన్ని తింటే అంత మంచిది. ఉప్పు, నూనె, పోపు తగలకూడదు. ఉల్లి, వెల్లుల్లి, కాఫీ, టీ, చాక్లెట్, అవకాడో దరిదాపులకి రాకూడదు. ఆపిల్ పెడితే గింజలు తీసెయ్యాలి. ఇంకో సంగతి కూడా చెప్పింది. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మాడితే వచ్చే పొగకే పక్షులు చచ్చిపోతాయట. ఇంటికి రాగానే ముందు ఆ పెనం తీసి బయటపడేశాను.

మా వారు అన్నారు, "ఇంతేనా? గింజలు తీసేసి కేరట్ పెట్టు. ఆకలి రుచెరగదు, అదే తింటుంది."

ఆ సామెత డాక్టరమ్మకి ఫోనులో చెప్పాను. "అయ్యో, ఆ పని మాత్రం చెయ్యొద్దు ఆంటీ" అని కంగారుపడింది. మనిషికైతే కేరట్ తినే వస్తువని తెలుసు, ఇష్టం లేక మానేస్తాడు. వీడికి అది తిండి అనే తెలియదు. ఏది తిండో ఏది కాదో పక్షులు పిల్లలుగా ఉన్నప్పుడే, పెద్దవి తింటుంటే చూసి నేర్చుకుంటాయట. వీడు చూసింది గింజలొక్కటే. ఆకలితో చస్తాడు గానీ ఎదురుగా ఉన్న కేరట్‌ని ముట్టుకోడు. మనం చెప్పుని తినం కదా, అలాగన్నమాట. అందుకని గింజలు ఒక్కసారిగా ఆపకూడదు. రోజూ పొద్దున్నే, గింజలు పెట్టకముందు, తూకం చూసి రాసుకోవాలి. పదో వంతు తగ్గిందంటే ప్రయోగాలన్నీ ఆపి, గింజలు పెట్టి, తనకి ఫోను చెయ్యాలి.

పచారీ లెక్కలు రాసుకునే పుస్తకంలో చివరి పేజీ పండుగాడికిచ్చాను. పిండి తూచుకునే డిజిటల్ కాటా మీద చిన్న ప్లాస్టిక్ బుట్ట పెట్టి, దాని బరువు సున్నా చేసి, బుట్టలో వాణ్ణి నిలబెట్టడం. మొదట్లో క్షణం నిలిచేవాడు కాదు. ఒక కొర్ర గింజ వేస్తే నిలబడ్డాడు. 118. 117. 118.

ఇక మొదలుపెట్టాను. కేరట్ తురిమి పెట్టాను, బుస్సుమన్నాడు. చక్రాల్లా కోసి పెట్టాను, ఒక్కొక్కటే ముక్కుతో పట్టుకుని పంజరం బయటికి విసిరేశాడు. గుమ్మడికాయ ఉడికించి ముద్ద చేసి పెట్టాను, అందులో కాలు పెట్టి, ఆ కాలు కర్రకి తుడుచుకున్నాడు. మునగాకు రెబ్బ వేలాడదీస్తే ఆ రోజంతా రెండో చివర కూర్చున్నాడు, తురాయి నిటారుగా లేపి, దొంగ దూరిన ఇంట్లో కూర్చున్నట్టు. గింజల్లో సన్నగా తరిగిన తోటకూర కలిపితే ఒక్కో గింజ విదిలించుకుని, తడి దులుపుకుని తిన్నాడు. గిన్నె అడుగున తోటకూర అంతా పొందిగ్గా మిగిలింది. మా అమ్మాయి ఉప్మాలో కరివేపాకు కూడా ఇంత శ్రద్ధగా ఏరదు.

అత్తయ్య సోఫాలో కూర్చుని ఇదంతా చూస్తున్నారు. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ ఇంటి వసారాలో రామచిలుక ఉండేదట. ఆ రోజుల్లో ఎవరూ తప్పనుకునేవారు కాదు. పచ్చిమిరపకాయ ఇస్తే కాలితో పట్టుకుని తినేదట, జామకాయ ఇస్తే గుల్ల చేసేదట. "అదీ చిలకంటే. ఇదేం చిలకే, కూరగాయల కొట్టు చూస్తే పారిపోతోంది" అన్నారు.

రెండు వారాలకి 113కి వచ్చాడు. అదంతా పొద్దుతిరుగుడు తగ్గించినందుకే, కూర తిని కాదు. అప్పుడే రాజమండ్రిలో మా పిన్ని కూతురి పెళ్ళి. అత్తయ్యా నేనూ రెండు రోజులు వెళ్ళొచ్చాం. అమ్మాయికి పరీక్షలని తనూ మా వారూ ఉండిపోయారు. "రోజుకి రెండుసార్లు గింజలు పొయ్యండి, నీళ్ళు మార్చండి" అని పదిసార్లు చెప్పి వెళ్ళాను.

తిరిగొచ్చి తలుపు తీస్తే ఈల లేదు. పండుగాడు పంజరం అడుగున, ఈకలన్నీ ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. బుట్టలో పెడితే 101.

"గింజలు వెయ్యలేదా?" అని అరిచాను.

"గిన్నె నిండుగా ఉంది కదా, చూడు" అన్నారు మా వారు. నిజమే. గిన్నె నిండుగానే ఉంది. ఉఫ్ అని ఊదాను. పైనున్నదంతా పొట్టు. ఎగిరిపోయింది. అడుగున నాలుగు గింజలు కూడా లేవు. ఈ పక్షులు గింజని నోట్లోనే ఒలిచి పప్పు మింగి, పొట్టు మళ్ళీ గిన్నెలోనే వదిలేస్తాయి. పైనుంచి చూస్తే ఎవరికైనా నిండు గిన్నెలాగే కనిపిస్తుంది. నాకు తెలుసు, రోజూ ఊదేదాన్ని. చెప్పాలని తోచలేదు. పక్షుల్ని పెంచుకునేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకోండి. గిన్నె చూడకండి, ఊది చూడండి.

డాక్టరమ్మకి ఫోను చేశాను. ఉన్న గింజలన్నీ పెట్టమంది, పొద్దుతిరుగుడుతో సహా. పంజరం మూడు వైపులా దుప్పటి కప్పి వెచ్చగా ఉంచమంది. పెళ్ళిచీర మార్చకుండానే పంజరం ముందు కూర్చున్నాను. చాలాసేపటికి ఒక గింజ చప్పుడు వినిపించింది. టిక్. ఆ చప్పుడు విని ఏడుపొచ్చేసింది నాకు. పొద్దున్నే బాగా తినేదాకా మనసు కుదుటపడలేదు. మా వారు పాపం రాత్రంతా నిద్రపోకుండా పచార్లు చేశారు, ఒక్క మాట కూడా అనలేకపోయాను.

మూడు రోజుల్లో కోలుకున్నాడు. మళ్ళీ పొద్దుతిరుగుడు తగ్గించాను. బరువు మాత్రం తగ్గడం మానేసి, రోజురోజుకీ పెరుగుతోంది. 110. 113. 115. నాకు అర్థం కాలేదు. ఒక మధ్యాహ్నం వంటింట్లోంచి వస్తే, అత్తయ్య పంజరం దగ్గర నిలబడి, కొంగు ముడి విప్పి, ఒక్కొక్క గింజే కడ్డీల మధ్యలోంచి అందిస్తున్నారు. నన్ను చూసి గుప్పిట మూసేశారు.

"అత్తయ్యా! డాక్టరు ఏమన్నారో మీరూ విన్నారు కదా!"

"విన్నానమ్మా. చచ్చి బతికొచ్చిన జీవి. దాని మొహం చూస్తూ కడుపు ఎలా మాడుస్తాను?" అన్నారు. తర్వాత సోఫాలో కూర్చుని, నా వంక చూడకుండా, "కొత్తగా కాపురానికొచ్చినప్పుడు మా ఇంట్లో పన్నెండు మంది. అందరికీ వడ్డించాక మాకు. కూర ఉంటే ఉండేది, లేకపోతే మజ్జిగా ఆవకాయా. తిన్నావా అని అడిగినవాళ్ళు లేరు. ఎవరి తిండైనా తగ్గిస్తుంటే నేను చూడలేను" అన్నారు.

ఏమనగలను? ఇరవై రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఈ మాట ఎప్పుడూ చెప్పలేదావిడ. "పొద్దుతిరుగుడు మీ చేతులతోనే పెట్టండి, కానీ రోజుకి మూడే" అని ఒప్పందం చేసుకున్నాం. మూడు గింజలూ లెక్కపెట్టి పెట్టేవారు. ఆ గింజల కోసం వాడు ఆవిడ చేతిమీదికి రావడం కూడా నేర్చుకున్నాడు.

నెల తర్వాత మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. తుమ్ములు తగ్గాయి, కూర మాత్రం ముట్టడం లేదని చెప్పాను. నా పుస్తకంలో పేజీ చూసి మెచ్చుకుంది. తర్వాత అడిగింది, "ఇంట్లో మీరు ఎక్కడ తింటారు ఆంటీ? వీడికి ఎదురుగానేనా?"

"పంజరం హాల్లో ఉంటుందమ్మా. డైనింగ్ టేబుల్ లోపలి గదిలో."

"అందరూ అక్కడే తింటారా?"

"అందరూ ఒకేసారి ఎక్కడ? అమ్మాయి ఏడున్నరకి తినేసి బడికి వెళ్తుంది. వాళ్ళ నాన్న తొమ్మిదింటికి. అత్తయ్యకి పదకొండున్నరకి పెట్టేస్తాను, షుగరు కదా."

"మరి మీరు?"

నాకు వెంటనే జవాబు రాలేదు. నేను ఎక్కడ తింటాను? వంటింటి గట్టు దగ్గర. నిలబడి. రెండింటికో రెండున్నరకో. కూర గిన్నెలోనే అన్నం కలుపుకుంటే ఒక కంచం కడగడం తప్పుతుంది. ఒక్కోరోజు పొద్దుటి ఇడ్లీలు మిగిలితే అవే. దాన్ని తినడం అంటారో, గిన్నెలు ఖాళీ చెయ్యడం అంటారో.

ఆ అమ్మాయి తన ధోరణిలో చెప్పుకుపోతోంది. "ఇవి అడవిలో గుంపులుగా నేల మీదికి దిగి, గడ్డి గింజలు ఏరుకుతింటాయి ఆంటీ. ఒకటి తింటుంటే ఇంకోటి ధైర్యం చేస్తుంది. వీడికి గుంపంటే మీరే కదా. మీరు వాడి ముందు కూర్చుని తినండి. అదే వస్తువు. గిన్నెలో కాదు, పళ్ళెంలో పరిచి పెట్టండి. మీ ఎంగిలి మాత్రం పెట్టకండి, మన నోట్లో ఉండే క్రిములు వాళ్ళకి పడవు. పళ్ళేలు రెండు, తినడం ఒకేసారి."

మర్నాడు ఒంటిగంటకి హాల్లో చాప వేశాను. స్టీలు కంచంలో నాకు అన్నం, పప్పు, పక్కన ఉప్పు లేకుండా ఉడికించిన కేరట్ ముక్కలు. వాడికి పళ్ళెంలో అవే ముక్కలు, వేలి గోరంత. పంజరం తలుపు తీసి, పళ్ళెం చాప మీద నాకు జానెడు దూరంలో పెట్టాను.

ఎంత సిగ్గనిపించిందో చెప్పలేను. ఒక్కదాన్నీ హాలు మధ్యలో కంచం ముందు కూర్చోవడం. ఎవరైనా వస్తారేమో, ఈవిడకేం పనిలేదా అనుకుంటారేమో అని. రెండు ముద్దలు తినేసరికి లేవబోయాను కూడా, వంటింట్లో గిన్నె నానబెట్టలేదని. పండుగాడు పంజరం మీదెక్కి, మెడ చాచి చూస్తున్నాడు. లేస్తే ఎగిరిపోతాడని కూర్చుండిపోయాను. ఉప్పు లేని కేరట్ నోట్లో వేసుకుని "అబ్బ, ఎంత బావుందో" అన్నాను. బావుండలేదు.

వారం రోజులు వాడు పైనుంచే చూశాడు. ఎనిమిదో రోజు చాప మీదికి దిగాడు. పళ్ళెం చుట్టూ ప్రదక్షిణం చేసి, నా కాలి మెట్టె కొరికి వెళ్ళిపోయాడు. నేను కూరలు మార్చాను. చిలగడదుంప ఒక రోజు, గుమ్మడి ఒక రోజు, కొత్తిమీర కట్ట తడిపి ఒక రోజు. కొర్రలు నానబోసి, మొలక కట్టి ఒక రోజు. గింజా వాడికి తెలిసిందే, పచ్చదనం మాత్రం కొత్త. ఎండలకి మొలకలు త్వరగా పాడవుతాయని గంట కాగానే తీసి పడేసేదాన్ని.

అత్తయ్య ఆ వారమంతా ఏమీ అనలేదు. పదో రోజనుకుంటా, సోఫాలోంచి నన్నే చూస్తూ, "ఇన్నేళ్ళలో నువ్వు కూర్చుని అన్నం తినడం నేను ఎప్పుడైనా చూశానా?" అన్నారు. నన్ను అడిగినట్టు లేదు, తనని తాను అడుక్కున్నట్టుంది. కాసేపాగి, "చూడలేదమ్మాయ్" అని ఆవిడే జవాబు చెప్పారు.

మర్నాడు పదకొండున్నరకి కంచం పెడితే, "నాకిప్పుడే వద్దు, ఓ గంటాగి తింటాలే" అన్నారు. "షుగరు పడిపోతుంది అత్తయ్యా" అంటే రెండు ఇడ్లీలు, కాసిని మజ్జిగ తీసుకున్నారు. ఒంటిగంటకి నేను చాప వేస్తుంటే, ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి పక్కన వేసుకున్నారు. మోకాళ్ళు వంగవు కదా. ఒళ్ళో కంచం. "నాక్కూడా వెయ్యి ఆ చప్పిడి కేరట్" అన్నారు.

చాప మొదలుపెట్టిన ఇరవై మూడో రోజు అది జరిగింది. గుమ్మడి ముక్కలు. అత్తయ్య వాళ్ళ ఊరి చెరువు సంగతేదో చెబుతున్నారు, నేను నవ్వుతున్నాను. వాణ్ణి ఇద్దరం మర్చిపోయాం. చూసేసరికి ముక్కు చివర నారింజరంగు. ఒక ముక్కని పట్టుకుని, నాలికతో తిప్పి, వదిలేసి, మళ్ళీ పట్టుకున్నాడు. మింగాడు. అత్తయ్య నా భుజం గట్టిగా పట్టుకున్నారు. ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. మా అబ్బాయి మొదటి ముద్ద మింగినప్పుడు కూడా ఆవిడ నా భుజం అలాగే పట్టుకున్నారు. అప్పుడు ఇద్దరి కాళ్ళూ బలంగా ఉండేవి, అంతే తేడా.

ఒక్క కూర అంటాక మిగతావి అంత కష్టం కాలేదు. ఒకేసారి జరిగిపోలేదనుకోండి, ఒక్కోదానికి వారం పది రోజులు పట్టింది. ఇప్పుడు చిలగడదుంప ఇష్టం, మునగాకు చాలా ఇష్టం. కొత్తిమీర తడిపి వేలాడదీస్తే ముందు అందులో స్నానం చేసి తర్వాత తింటాడు. కేరట్ తురిమితేనే తింటాడు, చక్రాలు ఇప్పటికీ విసిరేస్తాడు. పండు మాత్రం, ఎంత చేసినా, జామపండు గుజ్జు రెండు ముక్కు పోట్లు, అంతే. నాలుగు నెలల్లో 118 నుంచి 99కి వచ్చాడు. నోట్లో మచ్చలు పోయాయి. ఈల మాత్రం తిరిగొచ్చి, ఇల్లు పీకి పందిరేస్తున్నాడు.

ఇదంతా జరుగుతున్నప్పుడు నాకు మా పిల్లలే గుర్తొచ్చారు. వాళ్ళకి అన్నం పెట్టడానికి నేను పడని పాటు లేదు. చందమామని చూపించాను, కాకిని చూపించాను, బూచాడు వస్తాడన్నాను, కిన్నె పట్టుకుని డాబా అంతా తిరిగాను. అన్నీ చూపించాను గానీ, నేను తినడం ఒక్కటి చూపించలేదు. వాళ్ళతో కూర్చుని బీరకాయ కూర కలుపుకుని ఇష్టంగా తిన్నది ఒక్కరోజు కూడా లేదు. వాళ్ళు తిన్నాక, వాళ్ళు నిద్రపోయాక, గట్టు దగ్గర తినేదాన్ని. అబ్బాయి ఇప్పటికీ హాస్టల్లో బంగాళాదుంప తప్ప ఇంకో కూర ముట్టడు. అన్నిటికీ అదే కారణమని అనను. కానీ ఏది తిండో పెద్దవాళ్ళు తింటుంటే చూసి నేర్చుకుంటారని ఆ డాక్టరమ్మ చెప్పింది పిట్టల గురించేనా అని ఒక్కోసారి అనుమానమొస్తుంది.

డిగ్రీలో తెలుగు చదువుకున్నప్పుడు శుకసప్తతి గురించి చెప్పేవారు, పాలవేకరి కదిరీపతి కావ్యం. అందులో చిలక కథ మీద కథ చెప్పి, ఇల్లాలిని గడప దాటకుండా ఆపుతుంది. మా పండుగాడికి ఒక్క కథా రాదు. ఒక్క మాట కూడా పలకలేడు. కానీ ఇల్లాలిని కంచం ముందు కూర్చోబెట్టాడు.

మొన్న ఆదివారం నలుగురం ఇంట్లోనే ఉన్నాం. నేను అలవాటుగా వాళ్ళకి వడ్డించి, "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను" అన్నాను. అత్తయ్య కంచంలో చెయ్యి పెట్టలేదు. మా వారు ఏమైందమ్మా అని అడిగితే, "అదొస్తే గానీ చిలక తినదురా" అన్నారు. మా అమ్మాయి లేచి, ఇంకో కంచం తెచ్చి, తన పక్కన పెట్టింది. నేను కూర్చున్నాను. కూర కాస్త తక్కువైంది, నలుగురం సర్దుకున్నాం. ఇన్నాళ్ళూ ఆ తక్కువ నాకొక్కదానికే తెలిసేది.

మీ ఇంట్లో చిలక లేకపోవచ్చు. ఉండాలని కూడా నేను చెప్పను. కాకటీల్ పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది, ఆలోచించుకుని తెచ్చుకోండి. కానీ ఇవాళ మధ్యాహ్నం ఒక కంచం పెట్టుకుని, ఎవరైనా చూసే చోట కూర్చుని తినండి. ఉప్పు వేసుకునే తినండి, మీకేం పర్లేదు.

ఒంటిగంట అవుతోంది. హాల్లోంచి ఈల మొదలైంది. ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే పక్కింటివాళ్ళు తలుపు కొడతారు. చాప వెయ్యాలి, వస్తాను.